టోపీ లోపలి తేదీ

గురువారం ఉదయం పెర్నిల్లా ల్యాప్‌టాప్ తెరిచేసరికి తెర మధ్యలో చిన్న తెల్లటి పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. అందులో ఒకే ఒక్క వాక్యం: మీ చదువు కాలం ముగిసింది. దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో, ఫైళ్ళను తెరిచి చూసుకోవచ్చుననీ, మార్చడానికీ సేవ్ చేసుకోవడానికీ వీల్లేదనీ ఉంది.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. కాఫీ కప్పు తెర పక్కనుంచి తీసి కొంచెం దూరంగా పెట్టింది. మళ్ళీ చదివింది. చదువు ముగియలేదు. ముగియడానికి ఇంకా రెండు వారాలున్నాయి. అసలు ఆ రెండు వారాల కోసమే ఆమె ఈ రెండేళ్ళూ ఉదయం ఐదున్నరకు లేస్తూ వచ్చింది.

బోరోస్ ఊళ్ళో వర్షపు కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె ఇరవై మూడేళ్ళు పని చేసింది. చివరి తొమ్మిదేళ్ళు తనిఖీ బల్ల దగ్గర. కుట్టు పూర్తయిన ప్రతి కోటునీ తిరగేసి, లోపలి కుట్లు చూసి, బాగుంటే ముద్ర వేయడం ఆమె పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక, నలభై తొమ్మిదో ఏట, బట్టలకు కటింగ్ ప్యాటర్న్‌లు తయారుచేసే కోర్సులో చేరింది. ఇప్పుడు ప్యాటర్న్‌లు అట్ట మీద ఎవరూ గియ్యరు. అంతా సాఫ్ట్‌వేర్‌లోనే. మొదటి ఆరు నెలలు మౌసు పట్టుకున్న చెయ్యి సాయంత్రానికి తిమ్మిరెక్కిపోయేది. క్లాసులో తక్కినవాళ్ళు ఆమె వయసులో సగం వాళ్ళు. వాళ్ళు నవ్వలేదు, అంతే. అంతకంటే ఎక్కువ ఆమె ఆశించనూ లేదు.

చివరి పరీక్ష కింద ఒక్కొక్కరూ ఒక దుస్తుకు పూర్తి ప్యాటర్న్ చేసి ఇవ్వాలి. పెర్నిల్లా పని ప్యాంటు ఎంచుకుంది, ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే సహాయకుల కోసం. రోజుకు నలభైసార్లు మోకాళ్ళ మీద వంగి ఎవరికో సాక్సులు తొడిగే మనుషులకు మామూలు ప్యాంటు మోకాలి వెనక ముద్దగా పడుతుంది, నడుం దగ్గర జారిపోతుంది. ఆ రెండు చోట్లా ఆమె ఏవో కొత్త మార్పులు చేసింది. ఆరు సైజులు కావాలి. నాలుగు అయ్యాయి. ఫైలు సోమవారం ఉదయం ఎనిమిదింటికల్లా పంపాలి.

పంపకపోతే మళ్ళీ పరీక్ష నవంబరులో. అది పెద్ద విషయం కాదు, మరొకరికైతే. ఊళ్ళో పనిదుస్తులు తయారుచేసే కంపెనీలో చలికాలమంతా ఆమె శిక్షణకు వెళ్ళింది. శిక్షణ ముగిసి పెర్నిల్లా వెళ్ళేరోజున అక్కడి ప్యాటర్న్ గది పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి, జూన్‌లో డిప్లొమా చేతికొస్తే ఆగస్టు నుంచి ఈ బల్ల నీదే అంది. రాకపోతే ఇంకో ఇద్దరు అడుగుతున్నారని కూడా, దాచకుండా చెప్పింది. యాభై ఒకటో ఏట మరో బల్ల దొరుకుతుందన్న నమ్మకం పెర్నిల్లాకు లేదు.

ఆ గురువారం క్రీస్తు స్వర్గారోహణ పండుగ. శుక్రవారం పండుగకూ వారాంతానికీ మధ్య ఇరుక్కున్న రోజు. అలాంటి రోజున వాళ్ళ దేశంలో చాలామంది సెలవు పెట్టేస్తారు, పని చేసేవాళ్ళు చేయనివాళ్ళకు క్షమాపణ చెప్పుకుంటూ చేస్తారు. స్కూలు ఆదివారం దాకా తెరవరు. అక్కడి కంప్యూటర్లలో ఇదే సాఫ్ట్‌వేర్ స్కూలు లైసెన్సు మీద నడుస్తుంది, కాని గది తాళం వేసి ఉంది. టీచరు ఎక్కడో దీవిలో ఉన్న చెక్క ఇంటికి పోతూ, అక్కడ ఫోను పలకదని బుధవారమే నవ్వుతూ చెప్పి వెళ్ళింది. స్కూలు గది నాలుగింటికే మూసేస్తారనే గదా పెర్నిల్లా ఏప్రిల్ చివర్లో ఇంట్లో వాడుకోవడానికి సొంతంగా స్టూడెంట్ లైసెన్సు కొనుక్కుంది. మామూలు లైసెన్సు ధర, బస్సు నడిపే ఆమె భర్త స్టెల్లాన్ రెండు నెలల జీతం. విద్యార్థికైతే ఒక జత మంచి బూట్ల ధరకు ఏడాదంతా.

కొన్నరోజు ఆమెకు బాగా గుర్తు. ఫారం చిన్నదే. పేరు, చిరునామా, స్కూలు. స్కూళ్ళ జాబితాలో వాళ్ళ స్కూలు లేదు, 'ఇతర' అని ఎంచుకోవాల్సి వచ్చింది. చివర్లో ఒక గడి: స్టూడెంటెన్ తేదీ.

ఇక్కడ ఆమె ఆగింది. పన్నెండో ఏడు బడి ముగించి, తెల్ల టోపీ పెట్టుకుని, బడి మెట్ల మీంచి కేకలేస్తూ పరుగెత్తుకొచ్చే రోజుని ఆ దేశంలో స్టూడెంటెన్ అంటారు. ఆ మాటకు వాళ్ళకు వేరే అర్థం తోచదు. నెల, సంవత్సరం ఆమెకు తెలుసు, రోజే సరిగ్గా గుర్తు లేదు. తొమ్మిదా, పదా? లైసెన్సు కాగితంలో తప్పు తేదీ రాయడం ఆమెకు ఇష్టం లేదు. స్టూలు వేసుకుని బీరువా పై అర తెరిచి, టిష్యూ కాగితంలో చుట్టిన టోపీ తీసింది. లోపలి పట్టీ మీద బంగారు దారంతో కుట్టిన అక్షరాలు: పెర్నిల్లా, 9 జూన్ 1993. తొమ్మిది అంకె కింది వంపు దగ్గర దారం లేచి ఉంది. టోపీ కొన్న నాటి నుంచీ అది అలాగే ఉంది. ఈ కుట్టు నా బల్ల మీదకు వచ్చుంటే వెనక్కి పంపేదాన్ని అనుకుంది. టోపీ చుట్టి పెట్టేసి, కిందికి దిగి, గడిలో ఆ తేదీ నింపింది.

లైసెన్సు వచ్చింది. ముప్పై రోజులు తాత్కాలికంగా వాడుకోవచ్చు, ఈలోగా మీ వివరాలు సరిచూస్తాం అని మెయిల్ వచ్చింది. ఆమె స్కూలు నుంచి ధ్రువపత్రం తీసుకుని అది కూడా పంపింది. ఈ గురువారానికి ముప్పై రోజులయ్యాయి. వాళ్ళు సరిచూశారు.

సహాయం కోసం మెయిల్ రాస్తే మూడు పనిదినాల్లో జవాబిస్తామని యంత్రం జవాబిచ్చింది. ఫోను పండుగరోజు పని చేయదట. పెర్నిల్లా ఇంకేం తోచక లైసెన్సు షరతులు ప్రింటు తీసింది. పద్నాలుగు పేజీలు. కొన్నరోజు అందరిలాగే చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కింది. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు సిగ్గుగా ఉంది. పెన్సిలు చెక్కుకుని మొదటినుంచీ మొదలుపెట్టింది.

మధ్యాహ్నం గున్వోర్ వచ్చింది. ఎదురింట్లో ఉంటుంది, డెబ్బై ఒకటి దాటాయి. అదే కోట్ల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పండుగని, పెరట్లో పెరిగే రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన 'పై' అనే తీపి వంటకం పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, తలుపు కొట్టకుండానే వంటింట్లోకి నడిచింది.

"ఏమే, ముఖం అలా వేలాడేసుకున్నావు? స్టెల్లాన్ మళ్ళీ పడవ కొంటానన్నాడా?"

పెర్నిల్లా జరిగింది చెప్పింది. ఎందుకు జరిగిందో తనకూ అర్థం కాలేదని, విద్యార్థినని ధ్రువపత్రం కూడా పంపానని అంది. గున్వోర్ తెర మీది వాక్యం కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివింది. ముగిసిందంటే ముగిసిందేమో, నీ వయసు చూసి కనిపెట్టారేమో అంది. పెర్నిల్లా నవ్వలేదని గమనించి 'పై' ముక్క కోసి ఆమె ముందు పెట్టింది.

ఆ తర్వాత గున్వోర్ పనికొచ్చే మాటే చెప్పింది. ఆమె చెల్లెలి మనవరాలు మాయ్-లిస్ టెక్స్‌టైల్ కాలేజీలో చదువుతోంది. ఆ పిల్లకు ఇదే సాఫ్ట్‌వేర్ ఉంది. అడిగితే తన పాస్‌వర్డు ఇచ్చేస్తుంది, చిటికెలో పని. నాలుగు రోజులు వాడుకుని ఇచ్చెయ్. ఎవరికి తెలుస్తుంది?

పెర్నిల్లా పెన్సిలుతో ఆరో పేజీలో గీత గీసిన చోటు చూపించింది. స్టూడెంట్ లైసెన్సు ఒక్క మనిషికే, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. నేర్చుకోవడానికే తప్ప డబ్బు తీసుకుని చేసే పనికి వాడకూడదు. దానితో సేవ్ చేసిన ప్రతి ఫైలు లోపలా, ఇది చదువు కోసం చేసిందనే గుర్తూ, లైసెన్సు ఎవరిదో ఆ పేరూ నిలిచిపోతాయి. ఎవరి కంప్యూటర్లో తెరిచినా పోవు.

"అయితే?" అంది గున్వోర్. "లోపలెక్కడో మాయ్-లిస్ పేరు ఉంటే ఉంటుంది. లోపలికి తొంగి చూసేదెవరే?"

"నేను చూసేదాన్ని," అంది పెర్నిల్లా. "తొమ్మిదేళ్ళు."

గున్వోర్ కళ్ళద్దాలు దించుకుంది. కాఫీ పోసుకుంది. నువ్వు వెనక్కి తిప్పి పంపిన కాలర్లు నేను ఎన్నిసార్లు మళ్ళీ కుట్టానో నాకు ఇంకా గుర్తుందంది, నిష్ఠూరంగా కాదు. నీలాంటిది తనిఖీ బల్ల దగ్గరుంటే కింద కుట్టేవాళ్ళకు ఒళ్ళు హూనం, ఇప్పుడు నిన్ను నువ్వే తనిఖీ చేసుకుంటున్నావు, అనుభవించు అంది. పళ్ళెం అక్కడే వదిలి వెళ్ళింది.

మాయ్-లిస్ ఫోను నంబరు ఒక చీటీలో రాసి ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళింది. పెర్నిల్లా సాయంత్రం దాకా ఆ చీటీ ముందునుంచి పది పన్నెండుసార్లు నడిచింది. ఆమెకు నీతి గురించి పెద్ద ఆలోచనలేమీ రాలేదు. ఒంట్లో ఓపిక లేదంతే. ఆ నంబరు నొక్కితే ఇవాళే పని మొదలవుతుంది, ఐదో సైజు రేపటికల్లా అయిపోతుంది. కాని ఆగస్టులో ఆ ప్యాటర్న్ గది పెద్దావిడ, మొదటిరోజే, కొత్త మనిషి పని ఎలా ఉందో చూద్దామని ఈ ఫైలు తెరుస్తుంది. తెరిచి, ఎవరీ మాయ్-లిస్ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు ఇప్పటినుంచే తయారు చేసుకోవాలి. ఆ జవాబు తయారు చేసుకునే ఓపిక ఐదో సైజు చేసే ఓపిక కంటే ఎక్కువ కావాలనిపించింది.

స్టెల్లాన్ డ్యూటీ నుంచి వచ్చి, చీటీ చూసి, 'పై' తిని, నీ ఇష్టం అన్నాడు. నీ ఇష్టం అనే మాట ఆమెకు ఆ రోజు విసుగు పుట్టించింది.

శుక్రవారం తొమ్మిదింటికి ఫోను చేసింది. క్యూలో మీ సంఖ్య ముప్పై ఎనిమిది అంది ఒక గొంతు. తర్వాత వేణువు లాంటిదేదో మోగడం మొదలైంది. పెర్నిల్లా ఫోను బల్ల మీద పెట్టి, ఐదో సైజు మోకాలి కొలతలు కాగితం మీద లెక్క వేసుకుంటూ కూర్చుంది. చేతులు ఊరికే ఉంటే అలసట ఇంకా తెలుస్తుంది. ముప్పై ఒకటి. ఇరవై ఆరు. పదకొండింటికి సంఖ్య తొమ్మిదిలో ఇరుక్కుని కదల్లేదు, లోపలివాళ్ళంతా కాఫీకి లేచినట్టుంది. పదకొండున్నరకు ఒక మనిషి పలికాడు. పేరు మీర్జా అన్నాడు. మాటలో యోతెబొరి నగరపు యాస, ప్రతి వాక్యం చివరా పైకి ఎగిరే యాస.

పెర్నిల్లా తన లైసెన్సు సంఖ్య చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, మొహం పక్కకు తిప్పుకుని నవ్వినట్టు చిన్న చప్పుడు.

"పెర్నిల్లా, మీరు ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. ఈ గడిలో జూన్ తొమ్మిది, తొంభై మూడు అని ఉంది. ఇది మీ టోపీ రోజా?"

"అదే కదా అడిగింది."

"అదే అడిగింది, మన భాషలో. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళ భాషలో అడిగింది వేరు. మీరు ఎప్పటిదాకా విద్యార్థిగా ఉంటారు అని. ఎవరో ఆ మాటని అనువాద యంత్రంలో వేసి తిప్పారు, అది స్టూడెంటెన్ అయి వచ్చింది."

పెర్నిల్లా చేతిలోని పెన్సిలు కింద పెట్టింది. అంటే వాళ్ళ లెక్కలో ఆమె ముప్పై రెండేళ్ళ క్రితమే చదువు ముగించుకుని, ఇప్పుడొచ్చి విద్యార్థి ధర అడిగిన మనిషి.

ఈ వారం మీరు మూడోవారు అన్నాడు మీర్జా. నలభై దాటినవాళ్ళందరూ ఇదే రాస్తారట. చిన్నపిల్లలు ఆ గడి చదవనే చదవరు, ఏదో ఒకటి కొట్టి ముందుకు పోతారు. పైవాళ్ళకు నాలుగుసార్లు రాశాను, మార్చలేదు అని కూడా అన్నాడు. అతని గొంతులో కూడా అలసట ఉంది. ఇరుక్కున్న రోజున అతనొక్కడే డ్యూటీలో ఉన్నాడట.

"అందరూ సుమారుగా ఏదో తేదీ వేస్తారు. మీది మాత్రం నిజంగా కచ్చితమైన తేదీలా ఉంది."

"టోపీ తీసి చూసి రాశాను."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "మా అమ్మ కూడా అలాగే చేసేది," అన్నాడతను. "మేం వచ్చిన దేశంలో ఈ టోపీల్లేవు. అయినా చేసేది."

ఆ తర్వాత అతను పని మాటలోకి దిగాడు. తేదీ మార్చడం తన చేతిలోనే ఉంది, గంటలో తెరుచుకుంటుంది. అయితే కొత్త తేదీ ఆమె నోటితో చెప్పాలి. అదొక హామీ లాంటిది, సంభాషణ రికార్డవుతోంది. ఆ తేదీతో లైసెన్సు ఆగిపోతుంది. ఏడాదికి కొన్నా సరే, చదువు ముందు ముగిస్తే లైసెన్సు కూడా ముందే ముగుస్తుంది. ఆ విషయం షరతుల్లో ఉంది.

"పదకొండో పేజీ," అంది పెర్నిల్లా.

"చదివారా?" అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. కాసేపటికి గొంతు కొంచెం తగ్గించాడు. "మీ ధ్రువపత్రంలో జూన్ పన్నెండు అని ఉంది. కానీ మళ్ళీ పరీక్ష నవంబరులో ఉందని కూడా ఉంది. ఎవరైనా నవంబరు అని చెబితే నేను కాదనడానికి లేదు. చాలామంది అలాగే చెబుతారు. ఏ తేదీ వేయమంటారు?"

పెర్నిల్లా కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురింటి వాకిట్లో గున్వోర్ బాల్చీ బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. నవంబరు అంటే ఇంకో ఐదు నెలలు ఈ సాఫ్ట్‌వేర్ ఇంట్లో ఉంటుంది. పరీక్ష తప్పితే అది లేకుండా మళ్ళీ చేయడం అసాధ్యం. బుద్ధి ఉన్న మనిషెవరైనా నవంబరు అనే అంటారు. అబద్ధం కూడా కాదు, తప్పవచ్చు కదా. కాని నవంబరు దాకా విద్యార్థిగా ఉంటానని నోటితో అనడమంటే, సోమవారం తన పని పనికిరాదని ఇవాళే సంతకం పెట్టి ఇవ్వడం. ఆ ప్యాంటు మోకాలి దగ్గర తను చేసిన మార్పు సరైందో కాదో ఆమెకు తెలుసు. రెండేళ్ళలో ఆమె గట్టిగా తెలుసుకున్నది ఆ ఒక్కటే కావచ్చు. దాన్ని తనే వెనక్కి పంపలేకపోయింది.

"పన్నెండు," అంది. "జూన్ పన్నెండు."

"ఖాయమా?"

"ఈ ఏడాది అని కూడా రాయి," అంది పెర్నిల్లా.

లైసెన్సు గంటలో కాదు, రెండున్నర గంటల తర్వాత తెరుచుకుంది. ఆ సమయంలో ఆమె ఫ్రిజ్ మీది చీటీ ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, కడిగిన 'పై' పళ్ళెంలో వేసి గున్వోర్ ఇంట్లో ఇచ్చి వచ్చింది. టోపీ సంగతి విని గున్వోర్ మొదట నమ్మలేదు. తర్వాత గేటు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నేను పదిహేనో ఏటే మిల్లుకు పోయినదాన్ని. నాకా టోపీ లేదు, నాకీ పీడా లేదు."

పెర్నిల్లాకు కూడా నవ్వు వచ్చింది, కొంచెం.

ఐదో సైజు శనివారం మధ్యాహ్నానికి అయింది. ఆరోది మొండికేసింది. పెద్ద సైజులో మోకాలి వంపు లెక్క ప్రకారం పెరుగుతుంది గాని మనిషి మోకాలు లెక్క ప్రకారం పెరగదు. ఆదివారం ఉదయం స్టెల్లాన్‌ని వంటింట్లో నిలబెట్టి, వంగమని, లెమ్మని, మళ్ళీ వంగమని కొలతలు తీసింది. నా సైజు కోసమా ఇంత గొడవ అన్నాడతను. నీ సైజు కోసమే అంది. నాలుగోసారి వంగినప్పుడు అతని నడుం పట్టేసింది. ఆదివారం నాలుగింటికి ఫైలు పంపింది. పంపాక, అందిందన్న మెయిల్ వచ్చేదాకా కుర్చీ కదల్లేదు. వచ్చాక కూడా చాలాసేపు లేవలేదు.

టీచరు ఒక తప్పు పట్టింది. నాలుగో సైజులో, లోపలి కాలి కుట్టు దగ్గర, రెండు ముక్కలు కలిపేటప్పుడు సరిపోల్చుకునే చిన్న గాటు ఒకటి పెట్టడం మరిచిపోయింది పెర్నిల్లా. తక్కినదంతా ఆమోదించింది. మోకాలి గురించి ఒక్క ముక్కా అనలేదు, అనాల్సింది లేకపోతే ఆవిడ అనదు. ఆ గాటు ఎలా మరిచిపోయానా అని పెర్నిల్లా రెండు రోజులు బాధపడింది.

జూన్ పన్నెండున డిప్లొమా ఇచ్చారు. టోపీల్లేవు, కేకల్లేవు. కాగితం కప్పుల్లో కాఫీ, ఒక క్రీము కేకు, టీచరు ఒక్కొక్కరి చేతిలో పెట్టిన కవరు. పెర్నిల్లా బస్సులో తిరిగొస్తూ నిద్రపోయి తన స్టాపు దాటి రెండు స్టాపులు పోయింది. ఆ రోజంతా ఆమె ఫోను మధ్య మధ్యలో తీసి చూసుకుంది. లైసెన్సు ముగిసిందన్న సందేశం రాలేదు.

మర్నాడు ఉదయం పాత్రలు తుడుస్తుంటే, బల్ల మీద తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌లో వచ్చింది. అదే తెల్ల పెట్టె, అదే వాక్యం: మీ చదువు కాలం ముగిసింది. పెర్నిల్లా తడి చెయ్యి గుడ్డకు తుడుచుకుని అది ఒకసారి చదివింది. రెండోసారి చదవాల్సిన అవసరం కనిపించలేదు.

ఒక రోజు ఎక్కువ ఇచ్చారు అనుకుంది. మిగిలిన గిన్నెలు తుడిచి, అల్మారాలో సర్దింది.